ఫకృన్నీసా గోంగూర మడి

పాశమైలారంలో ఇరుగుపొరుగంతా ఫ్యాక్టరీ కూలీలకు కిరాయి గదులు కట్టినా, ఫకృన్నీసా మాత్రం ఇంటిపక్క జాగాలో గోంగూర పెంచుకుంటూ ఒక్కతే ఉండేది. "నాకు గింత చాలు" అనేది.

మొన్నటి వానకు ఫ్యాక్టరీల వైపు నుంచి ఎర్రటి నురగ నీళ్లు వచ్చి మడిలో నిలిచాయి. ఆకు వాడిపోకపోగా ఇంకా నిగనిగలాడింది. అది చూసే ఆమెకు భయం వేసింది.

పొద్దున పక్కింటి కమల, కడుపుతో ఉన్న కోడలికోసం గోంగూర అడిగింది.

"ఇయ్యాల వద్దు, కమలా."

"ఆకు మంచిగనే ఉన్నది గదక్కా?"

"ఆకు మంచిగనే ఉన్నది. ఆ నీళ్లమీదనే నాకు నమ్మకం లేదు."

కమల చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. ఫకృన్నీసా మడంతా పీకేసి, తమ్ముడి ఊరి నుంచి మట్టి తెప్పించి మిద్దెమీద సంచుల్లో విత్తింది. మొలకలొచ్చాయి. మబ్బు పట్టినప్పుడల్లా పైకెక్కి వాటిమీద టార్పాలిన్ కప్పుతుంది. ఫ్యాక్టరీల పొగలోంచి పడబోయే వాన మంచిదో కాదో ఎవరిని అడగాలో ఆమెకు తెలియదు.