కొట్టు మానేసిన వేసవి

ఏప్రిల్ నెల వచ్చిందంటే మా ఊళ్ళో అందరి ధ్యాసా కాలువ మీదే. ధవళేశ్వరంలో నీళ్ళు కట్టేసేలోపు మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. మళ్ళీ వదిలేదాకా ఊరంతా ఆ నీళ్ళే తాగాలి. కిందటేడు సరిగ్గా చెరువు నింపుతున్న రోజుల్లోనే మా ఊరి షావుకారు తన రొయ్యల చెరువుల్లోని మురుగునంతా కాలువలోకి తోడించాడు. నీళ్ళు నల్లగా వచ్చాయి. పైన నురగ. బిందె ముంచితే కుళ్ళు వాసన.

అందరూ చూశారు. అందరూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇళ్ళకు పోయారు. మా మనవరాలు మాత్రం ఫోను తీసి వీడియో పట్టింది. మోటారు ఎవరిదో, గొట్టం ఎక్కడ పడుతోందో, ఆ నీళ్ళు పోయి ఏ చెరువులో కలుస్తున్నాయో అన్నీ చూపించి, ‘ఇవి మనం తాగే నీళ్ళు, అడిగేవాళ్ళు లేరా?’ అని ఊరివాళ్ళ గ్రూపులో పెట్టింది. అది ఊరు దాటిపోయింది.

ఈ పిల్ల నా పెద్దకొడుకు కూతురు. తల్లీ తండ్రీ పనుల కోసం హైదరాబాదు వెళితే, నా దగ్గరే ఉండి బీఎడ్ చదివి టీచరు పోస్టుల పరీక్షకు తయారవుతోంది. షావుకారు స్టేషనులో దాని మీద ఫిర్యాదు పెట్టాడు. పరువు తీసిందట, ఊళ్ళో గొడవలు రేపుతోందట. పిలిపించి పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళదాకా బల్ల మీద కూర్చోబెట్టారు. వీడియో తీసేసి, తప్పయిందని రాసిస్తే వదిలేస్తామన్నారు. అది రాసివ్వలేదు. కేసు కట్టారు. ప్రభుత్వ ఉద్యోగం ఇచ్చేముందు పోలీసులు వచ్చి విచారిస్తారు. కేసు ఉందని తెలిస్తే ఎంత మంచి మార్కులొచ్చినా ఉద్యోగం చేతికి రాదని ఊళ్ళో తెలిసినవాళ్ళు చెప్పారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక అన్నం పెడుతూ తిట్టాను.

“నోరు మూసుకుని చదువుకోవే అంటే వినవు కదా!”

“నల్లనీళ్ళని నల్లగా ఉన్నాయంటే కేసేంటి మామ్మా? రేపు నీ కూర బాగోలేదన్నా కేసు పెడతారు.”

“నా కూర బాగోలేదన్నవాడు ఇంకా పుట్టలేదు. తిను.”

అది నవ్వింది గానీ ముద్ద మింగలేకపోయింది. అదే నేను తట్టుకోలేకపోయింది.

మర్నాడు చింతపండు కోసం సంచీ పట్టుకుని బయలుదేరాను. షావుకారు కొట్టు కనిపించే మలుపు దాకా వెళ్ళి ఆగిపోయాను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఉప్పూ పప్పూ ఆ కొట్లోనే. నేను కొన్న ప్రతి పొట్లంలోనూ ఆయనకు మిగిలేది కొంత ఉంటుంది. ఆ మిగులుతోనే కదా కారు కొన్నాడు, ఆ కారులోనే కదా స్టేషనుకి వెళ్ళి నా పిల్ల మీద ఫిర్యాదు పెట్టి వచ్చాడు. వెనక్కి తిరిగి వచ్చేశాను. ఆ పూట పప్పులో చింతపండుకు బదులు మామిడికాయ ముక్క వేశాను.

నేను చదివింది ఐదో తరగతి. హక్కులంటే ఏమిటో మా మనవరాలు చెబితే సగమే బుర్రకెక్కుతుంది. కానీ కొనకుండా ఉండటం నాకెవరూ నేర్పక్కర్లేదు. అరిగిపోయిన సబ్బుబిళ్ళను కొత్తదానికి అంటించి వాడే మనిషిని. ఇన్నాళ్ళూ డబ్బు మిగలడానికి మానేశాను. ఇప్పుడు ఈ పిల్ల కోసం మానేయడమే కదా అనుకున్నాను.

మా చర్చిలో స్త్రీల సమాజం గురువారం సాయంత్రం కూడుతుంది. ప్రార్థన అయ్యాక లేచి చెప్పాను. కేసు వెనక్కి తీసుకునేదాకా ఆ కొట్లో ఏమీ కొనవద్దన్నాను. మా ఎదురింటి ఆవిడ, నన్ను వదినా అని పిలిచే ఆవిడ, పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

“వదినా, ఇదివరకు నువ్వు కొన్నదెంత గనక, ఇప్పుడు నువ్వు మానేస్తే ఆయనకి నష్టం రావడానికి?”

అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు.

“అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. నా ఒక్కదాని వల్ల ఆయనకి తెలియను కూడా తెలియదు.”

రిటైరైన పెద్ద టీచరుగారు మా సమాజానికి అధ్యక్షురాలు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, “కొట్టు ముందు నిలబడి ఎవర్నీ ఆపకూడదండి. వెళ్ళేవాళ్ళని ఏమీ అనకూడదు. కొనడం మానడం ఎవరి ఇష్టం వాళ్ళది. అంతవరకైతే నేనూ మానేస్తాను,” అంది. ఆవిడ మాటతో మిగతావాళ్ళూ సరేనన్నారు.

చెప్పినంత తేలిక కాదు చేయడం. కూలికి వెళ్ళే ఆడవాళ్ళు ఏ రోజు కూలితో ఆ రోజుకి కొనుక్కుంటారు. చిన్న నూనె పొట్లం, గుప్పెడు పప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు. అలా విడిగా ఇచ్చేది ఆ కొట్టొక్కటే. అందుకని వారానికి ఇద్దరం చొప్పున తణుకు వెళ్ళి అందరికీ కలిపి తెచ్చేవాళ్ళం. ఆడవాళ్ళకి బస్సులో టిక్కెట్టు లేకుండా చేశారు కదా, అది కలిసొచ్చింది. తెచ్చినవి చర్చి వసారాలో పంచుకునేవాళ్ళం. నూనె కొలవడానికి టీగ్లాసు.

“అక్కా, నా గ్లాసు నిండలేదు చూడు.”

“నిండింది, నీ కళ్ళే నిండలేదు.”

ఆవకాయల కాలం కూడా అదే. ఆవపిండి, నువ్వుల నూనె, కారం అన్నీ తణుకు నుంచే మోసుకొచ్చాం. ఆ ఎండల్లో సంచులు మోసి నా మోకాళ్ళు వాచాయి. బస్సు మెట్టెక్కడానికి వెనక నుంచి ఎవరో ఒకరు తోయాల్సి వచ్చేది. రైతుల వీధిలో ఒక కోడలు పిల్ల ఒకనాడు నన్ను కాలువ గట్టు మీద ఆపింది.

“మామ్మగారూ, మా పొలం కూడా ఆయనకే రొయ్యల చెరువుకిచ్చామండి. నేను కొట్టు మానేస్తే ఇంట్లో గొడవైపోతుంది. కానీ ఆ నీళ్ళు మేమూ తాగుతున్నామండి,” అని చేతిలో అరటిపళ్ళు పెట్టి వెళ్ళిపోయింది. అంతకంటే ఆ పిల్ల ఏం చేయగలదు?

ఇలా నడుస్తుండగా జూన్‌లో ఒకరోజు వసారాలో కూర్చుని నూనె కొలుస్తున్నాను. షావుకారి గుమాస్తా ఆటో వేసుకుని వచ్చాడు.

“వందనాలండి మామ్మగారూ. బస్తాలు ఎక్కించమంటారా?”

“ఆ మూలున్నాయి నాయనా, ఎక్కించుకో,” అన్నాను.

అవి పిడికెడు బియ్యం బస్తాలు. మాలో ఆడవాళ్ళు వంటకు బియ్యం కడిగేముందు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తారు. నెల తిరిగేసరికి ఆ డబ్బాలన్నీ చర్చికి తెచ్చి ఒకే బస్తాలో పోస్తాం. రేషను బియ్యం, సన్నబియ్యం, కొత్తవి, పాతవి అన్నీ కలిసిపోతాయి. వండితే సన్నవి జావయ్యేసరికి లావువి పలుకు మీదే ఉంటాయి. అందుకని పిండికి తప్ప పనికిరావు. ఊళ్ళో పిండిమర ఆయనదే. ఏళ్ళ తరబడి ఆయనే కొంటున్నాడు, ఆ డబ్బు చర్చి పైకప్పుకి వేస్తున్నాం. ఇల్లు ఊడవడంలా, ముఖం కడుక్కోవడంలా అది జరిగిపోతూ ఉంటుంది. దాని గురించి ఎవరమూ ఆలోచించలేదు.

మా మనవరాలు అక్కడే కూర్చుని పప్పు పొట్లాలు కడుతోంది.

“మామ్మా, ఆ బస్తాలు ఎక్కడికి వెళ్తున్నాయి?” అంది.

గ్లాసు కింద పెట్టాను. గుమాస్తా పళ్ళు ఇకిలించాడు.

“మీరు కొనడం మానేసినా అమ్మడం మానలేదు కదండీ, మా షావుకారుగారు మిమ్మల్ని మెచ్చుకుంటున్నారండి.”

బస్తాలు దింపించాను. గుమాస్తా వెళ్ళాక వసారా అంతా రేగింది. ఆ పిండిని షావుకారు పొట్లాలు కట్టి చుట్టుపక్కల ఊళ్ళకి అమ్ముతాడు. ఒక చేత్తో ఆపి రెండో చేత్తో ఇస్తున్నాం. ఇక మీదట ఇవ్వవద్దని నేనంటే, మా ఎదురింటావిడే నా మీదికి లేచింది.

“దేవుడి బియ్యానికీ నీ మనవరాలి కేసుకీ ముడిపెట్టకు వదినా. వాన వస్తే ప్రసంగ పీఠం మీద కారుతోంది. ఆ రేకులు ఎవరేస్తారు?”

కారుతున్న మాట నిజం. ఆ పిల్ల నా మనవరాలు కాకపోతే నేనింత చేసేదాన్నా అని నాకే అనుమానం వచ్చింది. టీచరుగారే తేల్చింది. బియ్యం మనమే పంచుకుందాం, మర ఇచ్చే ధరే మనం సమాజానికి కడదాం, రేకుల డబ్బుకి లోటు రాదంది. వారం రోజులు మా పేటలో ఏ ఇంట చూసినా అట్లు పోయడమే. తరవాత అట్లు మొహం మొత్తి అన్నమే వండుకున్నాం. సగం మెత్తన, సగం పలుకు.

“మామ్మా, ఇది నమిలేలోపు కేసు తేలిపోతుంది,” అంది మా మనవరాలు.

కేసు తేలలేదు. వానలు పడ్డాయి, నాట్లు మొదలయ్యాయి. చీకటి ఉండగానే చేలోకి దిగి పొద్దుగూకాక వచ్చే మనుషులు తణుకు ఎప్పుడు వెళ్తారు? ఒకరి తరవాత ఒకరు మళ్ళీ ఆ కొట్టుకే వెళ్ళడం మొదలుపెట్టారు. నేను ఎదురైతే చేతిలోది కొంగు కింద దాచేవారు. మొదట ఒళ్ళు మండేది. తరవాత అది కూడా పోయింది. ఒకావిడను ఆపి, “దాచకే, నూనె కారి చీర పాడవుతుంది,” అన్నాను. ఆవిడ ఏడుపుముఖం పెట్టింది. నేను ఎగతాళికి అనలేదు. నిజంగా చీర గురించే అన్నాను.

చివరికి టీచరుగారు, నేను, ఇంకో ముగ్గురు నలుగురు మిగిలాం. బియ్యం మాత్రం మళ్ళీ మరకు పంపలేదు. అందరూ ఆ ఒక్క మాట మీద నిలబడ్డారు.

అప్పుడొచ్చాడు షావుకారు మా ఇంటికి. ఎన్నడూ రాలేదు. కుర్చీ వేస్తే కూర్చున్నాడు. కొట్లో అయితే నన్ను “ఏమ్మా, ఏం కావాలి?” అనేవాడు. ఆ రోజు అండీ అన్నాడు.

“పిల్ల భవిష్యత్తు నాకు మాత్రం అక్కర్లేదాండి? నా ఫిర్యాదు నేను వెనక్కి తీసుకుంటాను. ఆ వీడియో తీసేసి, తెలియక పెట్టానని ఒక ముక్క పెట్టమనండి. అయిపోతుంది. మీరూ పెద్దవారయ్యారు, ఆ సంచులేంటి, ఆ బస్సులేంటి?”

ఆ మాట అన్నది ఆయనే అయినా, అది వినేసరికి నా ఒళ్ళంతా అలసట కమ్మింది. సరే అను, సరే అను అని లోపల అనుకుంటూ మనవరాలి వైపు చూశాను. అది గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

“మీరు నీళ్ళు వదిలారా లేదాండి?” అంది.

“అది వేరే సంగతమ్మా.”

“నేను పెట్టింది ఆ సంగతేనండి. ఫిర్యాదు పెట్టింది మీరు, తీసుకునేదీ మీరే. దానికి నాతో అబద్ధం చెప్పించడం ఎందుకండి?”

ఆయన కోప్పడతాడనుకున్నాను. నవ్వి లేచాడు. “చదువుకున్న పిల్ల,” అని నాతో అని కారెక్కాడు. ఫిర్యాదు అలాగే ఉంది.

ఆయన వెళ్ళాక అడిగాను. “తీసేస్తే ఏం పోయేదే నీకు?”

“నాకేం పోయేది కాదు మామ్మా. రేపు ఇంకెవరూ పెట్టరు, అంతే.”

నేనైతే తీసేసేదాన్ని. దానికి ఆ సంగతి తెలుసు, నా మీద కోపం లేదు. అది పరీక్ష రాసింది. మార్కులు బాగానే వచ్చాయి. కేసు తేలేదాకా ఉద్యోగం సంగతి తేలదట. ఇంటి దగ్గర పిల్లలకి ట్యూషన్లు చెబుతోంది. ఈ ఏడు చెరువు నింపే రోజుల్లో నీళ్ళు మామూలుగానే వచ్చాయి. వీడియోకి భయపడ్డాడో, రొయ్యల ధర పడిపోయి చెరువులు ఎండగట్టాడో నాకు తెలియదు. మా వల్లనే అని చెప్పుకోను.

వచ్చే వారం తణుకు కోర్టులో వాయిదా ఉంది. నేను రానక్కర్లేదని లాయరుగారు అన్నారు, మనవరాలూ అంది. వెళ్తాను. నేను చేయగలిగింది ఏమీ లేదు, పక్కన కూర్చోవడమే. దాని పేరు పిలిస్తే లేచి నిలబడుతుంది. దానితో పాటు నేనూ లేస్తాను. ఈ మధ్య లేవడమే కష్టంగా ఉంటోంది.