శౌరయ్య సార్ నేర్పిన భయం

మిరపకాయల కాలంలో వరంగల్లు ఎనుమాముల మార్కెట్ దారిన వెళ్ళేవాళ్ళు ముక్కుకు కర్చీఫ్ కట్టుకుంటారు. మార్కెట్ గేటు ఇంకా అంత దూరం ఉండగానే ఆటోల్లో తుమ్ములు మొదలవుతాయి. నేను మాత్రం హెల్మెట్ అద్దం పైకెత్తి మరీ బండి నడుపుతాను. మా బాపు కొమురయ్య ఆ మార్కెట్‌లోనే హమాలీగా బస్తాలు మోశాడు. ఆయన భుజం మీద నిద్రపోయి పెరిగినవాణ్ణి, ఆ ఘాటు నన్నేం చేస్తుంది? తుమ్ము రాదు, దగ్గు రాదు. అట్లాంటిది మొన్న బాపును చూడడానికి వెళ్తుంటే, ఎండబోసిన రాశుల మీది నుంచి వేడిగాలి వచ్చి మొహాన కొట్టగానే చెయ్యి దానంతటదే బ్రేకు మీద పడింది. బండి పక్కకు ఆపేశాను. ఆ వాసన తగిలితే నాకిప్పటికీ ఒక మనిషి ఎర్రబడ్డ కళ్ళు గుర్తొస్తాయి. ఆయన పేరు శౌరయ్య సార్. బాక్సింగ్ రెఫరీ. మీరు ఆయన్ని చూసి ఉండరు. చూసినా గుర్తుండడు, ఎందుకంటే బాక్సింగ్ చూడ్డానికి వచ్చినవాళ్ళెవరూ రెఫరీని చూడరు.

సార్‌ది కాజీపేట. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు తనూ బాక్సింగ్ ఆడాడట, దానికి సాక్ష్యంగా ముక్కు కాస్త ఎడమకు వంగి ఉండేది. ప్రతి ఆదివారం చర్చిలో పూజ అయిపోగానే అదే ఇస్త్రీ చొక్కాతో వరంగల్లులో మా జిమ్‌కు వచ్చేవాడు. జిమ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. సిమెంటు దుకాణం మీద రేకుల షెడ్డు, ఎండాకాలం అందులో నిలబడితే చాలు, ఆడకుండానే చెమటతో తడిసిపోయేవాళ్ళం. మేమంతా పంచింగ్ బ్యాగుల దగ్గర గుమిగూడితే ఆయన చప్పట్లు కొట్టి కింద కూర్చోబెట్టేవాడు. "గుద్దుడు మీ కోచ్ నేర్పుతడు. గుద్దకుంట ఆగుడు నేను నేర్పుత. అది రానోడు నా రింగుల అడుగు పెట్టద్దు" అనేవాడు. మాకు నవ్వొచ్చేది. ఆగడం కూడా ఒకరు నేర్పాలా అనుకునేవాళ్ళం.

మనిషికి చాదస్తం అంతా ఇంతా కాదు. నాకు ప్రొఫెషనల్ పోటీ ఖాయమయిందని తెలిసిన మర్నాడు చౌరస్తాలో టీ కొట్టు దగ్గర కనిపించాడు. సంబరంగా వెళ్ళి "నమస్తే సార్" అన్నాను. ఆయన గోడ మీది పోస్టరు వైపు తిరిగిపోయాడు. వినపడలేదేమోనని మళ్ళీ అన్నాను. పోస్టరు మీది అక్షరాలన్నీ చదివేసి, గ్లాసు పెట్టేసి, రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నేనేం తప్పు చేశానని రాత్రంతా ఒకటే ఆలోచన. మా కోచ్‌కు చెబితే పగలబడి నవ్వి, "నీ పోటీకి ఆయనే రెఫరీ రా" అన్నాడు. చాలా కాలం తర్వాత సార్‌నే అడిగాను, ఒక నమస్తేకు ఏమైపోతుందని. "నీది తీసుకుంటే కరీంనగర్ పిలగానిది గూడ తీసుకోవాలె గద బిడ్డా. ఆడు గంత దూరమున్నడు. ఎట్ల తీసుకుందు?" అన్నాడు చాలా మామూలుగా.

నాతో తలపడాల్సిన ఆ కరీంనగర్ పిల్లవాడి పేరు శ్రీకాంత్. పోటీ ఒక ఆదివారం మధ్యాహ్నం, ఊళ్ళోనే ఒక ఫంక్షన్ హాల్లో. ముందురోజు జరిగిన పెళ్ళి తాలూకు అరటి పిలకలు గుమ్మానికి ఇంకా అట్లాగే ఉన్నాయి. ప్రొఫెషనల్ పోటీ అంటే తలకు హెల్మెట్ ఉండదు, దెబ్బ నేరుగా తలకే. గెలిస్తే హైదరాబాద్‌లో పెద్ద పోటీ ఇప్పిస్తామన్నారు. పొద్దున్నుంచి నాకు ముద్ద దిగలేదు. సార్ మా గదిలోకి వచ్చి నా చేతి కట్లు నొక్కి చూశాడు, గ్లవ్స్ తిప్పి తిప్పి చూశాడు, మొహానికి రాసే వేజలిన్ డబ్బా మూత తీసి వాసన చూశాడు, నీళ్ళ సీసా చూశాడు, బకెట్‌లో మడిచి పెట్టిన టవళ్ళు దులిపి చూశాడు. నా మొహం వంక మాత్రం చూడలేదు. ఆ బకెట్ పట్టుకుని నిలబడ్డది మా బాపే. నా ఆట చూడడం ఆయనకదే మొదటిసారి. పొద్దున మార్కెట్‌లో ఒక లారీ ఎత్తి, అటునుంచి అటే వచ్చాడు.

"కొమురన్నా, నీ కొడుకును కొడుతుంటే నడుమ ఒర్లుతవేమో, చెప్తాన" అన్నాడు సార్.

"నా నోరు లేవది సార్. కాళ్ళే వణుకుతానయ్" అన్నాడు బాపు.

మొదటి రౌండ్ ఎట్లా గడిచిందో నాకే తెలియదు. విరామంలో స్టూలు మీద కూలబడితే కోచ్ నెత్తిన నీళ్ళు గుమ్మరించాడు. ఆ నీళ్ళు కారి గ్లవ్స్ తడిసిపోయాయి. కోచ్ చెవిలో ఏదో అరుస్తుంటే బాపు వంగి, తన భుజం మీది తువ్వాల తీసి, నా గ్లవ్స్ రెండూ శుభ్రంగా తుడిచాడు. అన్నం తిన్న పిల్లవాడి చేతులు తుడిచినట్టు తుడిచాడు. అది నేను చూశాను, కోచ్ చూశాడు, ఎవరికీ ఏమీ తోచలేదు. తండ్రి తుడుస్తున్నాడు, అంతే కదా!

రెండో రౌండ్ మొదలైన కాసేపటికే శ్రీకాంత్ తల అదోలా విదిలించడం మొదలుపెట్టాడు. నా ఎడమచేతి గుద్దు కనుబొమకు తగిలినప్పుడల్లా మొహం పక్కకు తిప్పేసుకుంటున్నాడు. అలిసిపోయాడనుకున్నాను. హాలంతా "ఏస్కో రాజేందరన్నా!" అని ఈలలు. నాకు ఒంట్లోకి ఎక్కడ లేని బలం వచ్చింది. మీద పడి కొడుతున్నాను, అతను చేతులు ఎక్కడో గాల్లో పెడుతున్నాడు. ఇంతలో తెల్ల చొక్కా మా ఇద్దరి మధ్య దూరింది. సార్ నన్ను రెండు చేతులతో నెట్టేశాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషికి అంత బలముందని నాకప్పటిదాకా తెలియదు.

"ఏమైంది బిడ్డా? నన్ను చూడు. నన్ను చూస్తానవా?" అని శ్రీకాంత్‌ను అడుగుతున్నాడు.

"మంట సార్... కండ్లు మండుతానయ్. ఏం కనవడ్తలేదు."

అంతే, కరీంనగర్ వాళ్ళు కుర్చీలు తన్నుకుంటూ లేచారు. "గ్లవ్స్‌కు ఏదో పూసిండ్రు! మోసం! మోసం!" డాక్టరు శ్రీకాంత్ కళ్ళలో నీళ్ళు పోస్తున్నాడు. సార్ నా దగ్గరకు వచ్చి నా కుడిచేయి పట్టుకుని గ్లవ్ వాసన చూశాడు. ఆ గ్లవ్‌ను తన కనురెప్ప మీద పెట్టి రుద్దుకున్నాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత కన్ను ఎర్రగా అయిపోయి ధారగా నీళ్ళు కారాయి.

కావాలని పూసినట్టయితే నా పని అయిపోయినట్టే. ఆ ఒక్క పోటీ కాదు, బతుకులో మళ్ళీ రింగు ఎక్కనివ్వరు. అంతకంటే ఘోరం, మోసం చేసినవాడి కొడుకునవుతాను, మోసం చేసినవాడి తండ్రవుతాడు మా బాపు. సార్ బకెట్‌లోని టవళ్ళు ఒక్కొక్కటే వాసన చూశాడు. కోచ్ చేతులు చూశాడు. చివరికి బాపు ముందు ఆగాడు. బాపు ఆ గోలలో ఏం చేయాలో తోచక, అదే తువ్వాలతో తన మొహమూ కళ్ళూ పదే పదే తుడుచుకుంటున్నాడు.

"కొమురన్నా, మొఖం దేంతోని తుడుసుకుంటానవ్?"

"గిదే సార్. నా తువ్వాల." అని ఇంకోసారి కళ్ళు తుడుచుకుని చూపించాడు. "ఏమైంది సార్? మా పోరడేమన్న జేసిండా?"

సార్ ఆ తువ్వాల అందుకుని తుమ్మాడు. ఆగకుండా తుమ్మాడు. రోజూ ఆ దుమ్ములో బతికే బాపు కళ్ళకు ఆ మంట ఎప్పుడో అలవాటైపోయింది. మిరప దుమ్ము నిండిన గుడ్డతో తడి గ్లవ్స్ తుడిచానన్న సంగతి ఆయనకు ఆ క్షణం దాకా తట్టనే లేదు. నాకూ తట్టలేదు, నా కళ్ళూ ఆ ఇంటివే కదా.

సార్ మైకు తీసుకున్నాడు. ఒక కన్ను మూసుకునే ఉంది. "ఈ ఆటకు ఫలితం లేదు. ఎవలు గెలువలే, ఎవలు ఓడలే. కావాలని జేసిన పని గాదిది. ఆయన అదే గుడ్డతోని తన కండ్లు తుడుసుకుంటాండు, మీరే చూడుండ్రి. టవళ్ళు చూసిన, నీళ్ళు చూసిన, ఈ మనిషి భుజం మీది తువ్వాల చూడలే. రోజూ అందరి భుజాల మీద చూసే తువ్వాలనే గద అనుకున్న. చూడాల్సినోణ్ణి నేను. తప్పు నాది." అవతలివాళ్ళు తిట్టారు. మనవాళ్ళు అంతకంటే ఎక్కువ తిట్టారు, గెలిచే ఆటను చెడగొట్టాడని. నీళ్ళ సీసాలు వచ్చి రింగులో పడ్డాయి. అబద్ధమెందుకు, నాకూ అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పుడే శ్రీకాంత్‌ను కళ్ళకు గుడ్డ కట్టి, చేయి పట్టుకుని నడిపించుకుంటూ తీసుకెళ్ళారు. ఒక మెట్టు దిగడానికి అతను కాలితో తడుముకుంటుంటే నా కోపం ఎటు పోయిందో పోయింది.

మంటకు కళ్ళు నలుపుకోవడంతో, దానికి తోడు నా గుద్దులతో, ఒక కన్ను గీసుకుపోయిందట. కట్టు విప్పితే గానీ చూపు సంగతి చెప్పలేమన్నారు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి బాపు ఇంట్లో లేడు. మార్కెట్‌కూ రాలేదన్నారు. ఏ అఘాయిత్యం చేశాడోనని చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా బయటపడ్డాను. ఊరంతా తిరిగి, శ్రీకాంత్‌ను చేర్చిన దవాఖానకు వెళ్తే, గేటు బయట నిలబడి ఉన్నాడు. నెత్తి స్నానం చేసి, పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కా వేసుకున్నాడు. భుజం మీద ఏమీ లేదు. "లోపటికి పోలేదా బాపు?" అంటే, "నా ఒంటికి ఇంకేమన్న ఉంటదో ఏమో బిడ్డా. మల్ల ఆ పిలగానికి తాకితే?" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు.

లోపల వరండాలో శౌరయ్య సార్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నిన్నటి తెల్ల చొక్కానే. కన్ను ఉబ్బిపోయింది. శ్రీకాంత్ వాళ్ళ అక్క ఆయన ముందు నిలబడి నిలదీస్తోంది. "తప్పు నాది అని మైకుల జెప్తే అయిపాయెనా? మా తమ్ముని కన్ను పోతే తెచ్చిస్తవా సార్?"

"లేదమ్మా. తెచ్చియ్యలేను. అందుకే ఈడ గూసున్న" అన్నాడు సార్.

ఆమె ఇంకేదో అనబోయి, ఆయన పక్కనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను వెళ్ళి గోడకానుకుని నిలబడ్డాను. సార్ నన్ను చూసి, ఈసారి నా నమస్తే అందుకుని, తర్వాత చిన్నగా అన్నాడు. "ఆట రింగుల అయిపోతది బిడ్డా. మన మీద పడ్డ జిమ్మెదారి అయిపోదు." చివరికి డాక్టరమ్మ వచ్చి తలుపు తీసింది. ఆమె నవ్వుతోందో లేదో మాస్కు వల్ల తెలియలేదు. లోపల కట్టు విప్పిన శ్రీకాంత్ మంచం మీద కూర్చుని, మమ్మల్ని కళ్ళు చికిలించి చూసి, "సార్, నీ కన్నేంది గట్లయింది?" అన్నాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ అక్క గట్టిగా ఏడ్చేసింది. నేను గేటు దాకా పరుగెత్తి చెబితే బాపు రోడ్డు మీదే కూర్చుండిపోయాడు.

నేనూ శ్రీకాంతూ మళ్ళీ తలపడలేదు. హైదరాబాద్ పోటీ కూడా రాలేదు. కొన్నాళ్ళు ఆడి మానేశాను, తర్వాత రెఫరీ పరీక్ష రాశాను. పాసయ్యానని చెప్పడానికి కాజీపేట వెళ్తే సార్ మంచం మీదున్నాడు, ఒళ్ళు సగానికి సగమైపోయింది. నాకు రింగులో చేతులు వణుకుతాయి సార్, ఎవడికి ఏమవుతుందోనని భయం, అన్నాను. తిడతాడనుకున్నాను. "వణకనియ్యి. భయం పోయిన్నాడు ఇంట్ల గూసో. ఆ పిలగాండ్లు భయపడరు, ఆల్ల కోచ్‌లు భయపడరు, చూసేటోల్లు అసలే భయపడరు. ఎవడో ఒకడు పడాలె గద" అన్నాడు. ఆ వానాకాలంలోనే పోయాడు. సమాధి దగ్గర మట్టి వేసినవాళ్ళలో శ్రీకాంత్ కూడా ఉన్నాడు.

నిన్న సాయంత్రం నేనొక పోటీ ఆపాను. జనగామ కుర్రాడు, నవీన్ అని. పాయింట్లలో ముందున్నాడు. కానీ ఒక దెబ్బ తర్వాత అతని కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో అతనికే తెలియలేదు. చేతులు అడ్డం పెట్టి ఆపేస్తే నన్ను నెట్టేశాడు, జనం నానా బూతులూ తిట్టారు. డాక్టరు చూసి పర్లేదన్నాడు. నాకు కన్ను మూతపడలేదు. తెల్లారగానే వాళ్ళింటికి ఫోన్ చేశాను. వాళ్ళమ్మ ఎత్తింది.

"పండుకున్నడు సార్. బాగ అలిసిపోయిండు."

"లేపమ్మా."

"జరసేపు పండనియ్యుండ్రి సార్."

"నీకు దండం పెడ్త తల్లీ. ఒక్కసారి లేపు."

ఆమె నడిచిన చప్పుడు, తలుపు చప్పుడు వినబడ్డాయి. "నవీనూ..." అంది. "ఒరే నవీనూ! లేరా!" ఈసారి ఆమె గొంతు మారింది. నేను ఫోన్ రెండు చేతులతో పట్టుకుని హాల్లో నిలబడ్డాను. దేవుడా అన్నానో, సార్ అన్నానో నాకే తెలియదు.

"ఏందే అమ్మా..." అని దూరంగా ఒక మూలుగు. తర్వాత ఫోన్‌లోనే. "నువ్వా సార్? గెల్సే ఆట ఆపితివి. ఇప్పుడు నిద్ర గూడ ఆపుతానవా?"

"తల నొస్తాందా? వాంతులేమన్న అయినయా?"

"ఏం లేదు. నువ్వు ఫోన్ పెట్టెయ్యి సార్, నీకు పుణ్యముంటది." అంటూ తనే పెట్టేశాడు.

మా ఆవిడ టీ తెచ్చి, "ఏమన్నడు?" అని అడిగింది.

"తిట్టిండు" అన్నాను. అప్పుడు గానీ కుర్చీలో కూర్చోలేకపోయాను.