భాయ్ రేజరు, నేను తెప్పించిన బ్లేడ్లు

ఐన్ ఖాలిద్‌లో నేను పనిచేసే విల్లాలో, కారు షెడ్డు పక్కన ఒక గది ఉంది. అందులో ఇద్దరం ఉంటాం. నేను ఆ ఇంటి డ్రైవర్ని, మాది కడప జిల్లా. రెండో ఆయన ఆ ఇంటి వంటమనిషి, జగిత్యాల వైపు ముసల్మాను. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. నేను ఆయన్ని భాయ్ అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటాడు. ఎనిమిదేళ్ళుగా మా ఇద్దరికీ ఒకే బాత్రూము, ఒకే అద్దం. వాళ్ళ ఊళ్ళో ఆయన దుబాయ్‌లో ఉన్నాడంటారు, మా ఊళ్ళో నేను కువైట్‌లో ఉన్నానంటారు. మేముండేది ఖతార్‌లో అని మా ఇద్దరికి తప్ప ఎవరికీ పట్టదు.

అద్దం కింద గూట్లో రెండు రేజర్లుండేవి. నాది వాడి పారేసే ప్లాస్టిక్‌ది, సంచీకి పది వస్తాయి. భాయ్‌ది వేరే వంశం. ఆయన ఈ దేశం వచ్చిన కొత్తలో కొన్న స్టీలు పిడి, రెండు బ్లేడ్లున్న తల. చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. బొటనవేలు ఆనేచోట పిడి మీది గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. తల మొద్దుబారితే పక్కకు జార్చి తీసేసి, కొత్తదాన్ని పట్టాల మీదికి ఎక్కించినట్టు జార్చాలి. చివర్లో టిక్కుమంటుంది. ఆ చప్పుడు వినకపోతే భాయ్‌కి నమ్మకం కుదరదు.

పండగైనా జ్వరమైనా ఆయన రోజూ గడ్డం గీసుకోవాల్సిందే. చిన్నప్పుడు పెళ్ళి దావత్‌లకు వండే ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాడు. గీసిన గడ్డంతో రానివాణ్ణి ఆ ఉస్తాద్ గరిటె ముట్టుకోనిచ్చేవాడు కాదట. ఉస్తాద్ పోయి ఎన్నేళ్ళయిందో గానీ, పొయ్యి ముట్టించే ముందు గడ్డం అన్న లెక్క మాత్రం పోలేదు.

"పెంచుకో భాయ్, నీ వయసుకు బాగుంటాది" అని నేను ఆటపట్టిస్తే, "బిర్యానీల ఎంట్రుకొస్తే నువ్వు తింటవా" అనేవాడు.

చిక్కెక్కడొచ్చిందంటే, ఆ పిడికి పట్టే బ్లేడ్లు ఇక్కడ దొరకడం మానేశాయి. పెద్ద దుకాణాల్లో ఇప్పుడన్నీ మూడు బ్లేడ్లవి, ఐదు బ్లేడ్లవి, తల అటూ ఇటూ ఊగేవి. ఉన్నది ఒక్క గడ్డమే కదా, దానికి ఐదు బ్లేడ్లెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. వాటి తలలు భాయ్ పిడికి ఎక్కవు. కారు నా చేతిలో ఉంటుంది కాబట్టి వెతికే పని నా నెత్తిన పడింది. చివరికి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక చిన్న కొట్లో, పాత రేజర్లకు సరిపోతాయని అట్ట మీద రాసి ఉన్న పేరూ ఊరూ లేని బ్లేడ్లు దొరికాయి. నేనే కొనుక్కొచ్చి ఇచ్చాను.

అవి వాడటం మొదలుపెట్టాక భాయ్ ముఖం తెగడం మొదలైంది. ఒకరోజు గవద మీద, ఒకరోజు గొంతు కింద. దూది ముక్క అంటించుకుని వంటింట్లోకి వెళ్ళేవాడు. ఒక మధ్యాహ్నం మేడం చూసింది. ఆమెకు శుభ్రం విషయంలో రాజీ లేదు. వంటింట్లో రక్తం కనిపించకూడదని, ఇంకోసారి ఇలా చూస్తే వేరే వంటవాణ్ణి పెట్టుకుంటానని అరబ్బీలో నెమ్మదిగా చెప్పింది. ఆమె అరిస్తే భయం లేదు, నెమ్మదిగా చెప్పిందంటే చేసి తీరుతుంది. భాయ్ చిన్న కూతురు నర్సింగ్ చదువుతోంది, ఇంకా రెండేళ్ళుంది. ఆ చదువు ఈ వంటింటి మీదే నడుస్తోంది.

నాకు ముక్కు మీద కోపం. పైగా ఆ బ్లేడ్లు తెచ్చింది నేను. పాత అసలు బ్లేడు ఒకటి భాయ్ దాచుకున్న డబ్బాలో దొరికితే, దాన్నీ డూప్లికేట్‌నీ పేపరు మీద పక్కపక్కన పెట్టి శవపరీక్ష చేశాను. అసలుదాని వెనక గాడి పిడికి బిగువుగా పడుతుంది. డూప్లికేట్‌ది గోరంత వదులు, వేలితో కదిపితే కదులుతుంది. అసలుదాంట్లో రెండు బ్లేడ్ల మధ్య నీళ్ళు పోయే సందు బాగా ఉంది, వెంట్రుకలు కడిగితే పోతాయి. దీంట్లో ఇరుక్కుంటాయి. పైన ఉండే జారుడు పట్టీ అసలుదానికి నీలం రంగు, దీనికి ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ రెండు గీతలకే కరిగిపోతుంది. ఇన్ని నేరాలు దొరికాక నాకు సాక్షి అక్కర్లేకపోయింది.

కొట్టు దగ్గరికెళ్ళి గొడవపడ్డాను. కొట్టాయన మలయాళీ, హిందీలో తాపీగా సమాధానం చెప్పాడు. ఇవే బ్లేడ్లు చాలామంది కొంటున్నారనీ, ఎవరి గొంతూ తెగలేదనీ, గీసుకునే చేతిని ఒకసారి చూసుకోమనీ అన్నాడు. ఆ ఆఖరి మాట నన్ను మరీ మండించింది. మిగిలిన బ్లేడ్లు కౌంటర్ మీద పడేసి వచ్చేశాను.

అప్పుడు మా బామ్మర్ది గుర్తొచ్చాడు. ఇక్కడే మెసైమీర్‌లో ఒక కంపెనీలో పని, ఆ నెల సెలవు మీద ఇంటికెళ్ళి ఉన్నాడు. మా ఊరి కిరాణా కొట్లలో ఈ రెండు బ్లేడ్ల రకం ఇంకా అట్టకు వేలాడుతూనే ఉంటుంది. ఫోన్ చేశాను.

"ఏంది బావా, అందరూ ఆడ్నుంచి రేజర్లు తెమ్మని పానం తీస్తారు. నువ్వేమో ఈడ్నుంచి బ్లేడ్లు తెమ్మంటాండావు" అని నవ్వాడు.

"నవ్వింది చాలు గానీ, మర్చిపోతే నీకు ఈడ కూడు పెట్టను" అన్నాను.

తెచ్చాడు. నీలం పట్టీ ఉన్న అసలువి, రెండట్టలు. మర్నాడు పొద్దున భాయ్ కొత్త బ్లేడు ఎక్కించాడు, టిక్కుమంది. నేను మంచం మీద కూర్చుని, లోపల పిల్లవాడు పరీక్ష రాస్తుంటే బయట కాచుకున్న తండ్రిలాగా తలుపు వైపే చూస్తున్నాను. భాయ్ బయటికొచ్చాడు. గవద మీద తెగింది. ఎడమ చెవి కింద అణా బిళ్ళంత మేర తెల్లటి గడ్డం గీయకుండా అలాగే ఉంది.

నేను బాత్రూములోకి వెళ్ళాను. చెత్తబుట్టలో ఆకుపచ్చ పట్టీది ఒకటి ఉంటే కడిగి, భాయ్ పిడికి ఎక్కించి, నా చెంప గీసుకున్నాను. నేను రోజూ వాడే ప్లాస్టిక్‌ది ఏనాడూ అంత నున్నగా గీయలేదు. కొద్దిగా ఊగింది, వెంట్రుకలు ఇరుక్కున్నాయి, అంతే. ఒక్క గీరు పడలేదు. కొట్టాయన మీద ఎగిరిన నాకు సిగ్గుగా ఉండాల్సింది గానీ, అంతకన్నా ముందు భయం వేసింది. అద్దం నిండా సబ్బు మరకలు. ఎన్నాళ్ళ నాటివో. భాయ్ వాటిని తుడిచేవాడు కాదు, లైటు కూడా వేసేవాడు కాదు. పిసినారితనమని ఎగతాళి చేశాను. కప్పులో టీ పోస్తూ అంచు లోపల వేలు పెట్టేవాడు. వయసు మీద పడిందిలే అనుకున్నాను. కూతురికి మెసేజి రాయడం మాని, గొంతు రికార్డు చేసి పంపేవాడు. బద్ధకం అనుకున్నాను.

నీలంది ఒకటి, ఆకుపచ్చది ఒకటి అరచేతిలో పెట్టుకుని ఆయనకు ఎదురుగా నిలబడ్డాను.

"భాయ్, దీంట్లో మా ఊరి బ్లేడు యాది?"

ఆయన చెయ్యి చాచాడు, బొటనవేలితో తడమడానికి. నేను చెయ్యి వెనక్కు తీసుకున్నాను.

"ముట్టుకోకుండా చెప్పు."

మంచం మీద కూలబడ్డాడు. "పొగ లెక్క ఉంటది తమ్మీ. పొద్దుగాల ఎక్కువ. నీ మొఖం గూడ గొంతును బట్టే ఎరుక."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేండ్లు దాటింది. ఈ నడుమ ముదిరింది. ఎవ్వరికి చెప్పకు. చెప్తే టికెట్ చేతుల పెడ్తరు. బిడ్డ సదువు అయిపోనీ, తర్వాత గుడ్డోన్నైనా ఫికర్ లేదు."

నాకు ఒళ్ళు మండింది. నాకు కూడా చెప్పలేదని. ఎనిమిదేళ్ళు పక్క మంచం మీద పడుకుని నేను కనిపెట్టలేదని. కోపం ఎవరి మీదో తేల్చుకోలేక, స్టూలు ఈడ్చి అద్దం ముందు వేసి, కూర్చోమన్నాను. ఆ పూట నుంచి ఆయన గడ్డం నేనే గీశాను.

ఇంకొకరి గొంతు మీద బ్లేడు పెట్టడం నాకదే మొదలు. భాయ్ కళ్ళు మూసుకుని తల వెనక్కు వాల్చి అంత నమ్మకంగా కూర్చుంటే నేను గీత గీతకూ ఆగేవాణ్ణి. నీలంవి రెండట్టలే కాబట్టి, తల వంచుకుని కొట్టాయన దగ్గరికెళ్ళి ఆకుపచ్చవి మళ్ళీ తెచ్చాను. మెల్లగా చేతికి పని పట్టుబడింది. డూప్లికేట్‌ని నొక్కకూడదు, పొట్టి గీతలు గీయాలి, రెండు గీతలకోసారి కడగాలి. అసలుదైతే దాని బరువు మీద అదే పోతుంది. దూది అవసరం తప్పింది. భాయ్ ముఖం చూసి మేడం ఏమీ అనలేదు. మేం గెలిచామనుకున్నాను.

ఒకరోజు గ్యాస్ మంట ఆయన చొక్కా చేతికి అంటుకుంది. ఆయనకు మంట కనిపించలేదు, వాసన వచ్చింది. దులిపేసుకున్నాడు గానీ గదికొచ్చి ఆ చొక్కా దాచబోతుంటే చూశాను.

"రేపట్నుంచి నేను గీయను" అన్నాను.

"తమ్మీ."

"గీయను భాయ్. నీ గడ్డం నున్నగా ఉన్నన్ని రోజులూ నువ్వు చెప్పవు. నీకు నేను చేస్తాండేది సాయం కాదు."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. రేజరు కూడా ముట్టుకోలేదు. మాసిన గడ్డంతో పొయ్యి ముట్టించాడు, బహుశా జీవితంలో మొదటిసారి. మూడో రోజు తనంతట తనే మేడం దగ్గరికెళ్ళి చెప్పాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆమె అంతా విని, నా వైపు తిరిగి, నీకెప్పటి నుంచి తెలుసని అడిగింది. ఇరవై రోజుల నుంచి అన్నాను. పిల్లలు తినే ఇల్లు ఇది అని మాత్రం అంది. అదీ నెమ్మదిగానే అంది.

భాయ్ అటక మీది సూట్‌కేసు దించాడు. నేను మడతపెట్టిన బట్టలు ఆయన విప్పి మళ్ళీ మడతపెట్టేవాడు. ఉద్యోగం ఊడగొట్టింది నేనేనని ఆయన ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. రెండో రోజు సాయంత్రం మేడం నుంచి ఫోను వచ్చింది. పొద్దున తొమ్మిదికి కారు కావాలి, వంటవాణ్ణి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, మేడం వాళ్ళమ్మకు కూడా ఇలాగే కంట్లో తెల్లపొర వస్తే అక్కడే తీయించారు, వంట అప్పటిదాకా బయట నుంచి వస్తుంది. ఇంతే చెప్పి పెట్టేసింది. భాయ్‌కి ఈ మాట చెప్తూ, మడతపెట్టిన చొక్కాలు సూట్‌కేసులోంచి తీసి మంచం మీద వేశాను.

ముందొక కన్ను, కొన్ని వారాలకు రెండోది. కంట్లో సబ్బు పడకూడదన్నారు కాబట్టి ఆ రోజులన్నీ మళ్ళీ నేనే గీశాను. డాక్టరు ఇక ఫరవాలేదన్న మర్నాడు, భాయ్ ముందు అద్దం తుడిచాడు. లైటు వేశాడు. నేను నీలం పట్టీది ఇస్తే వద్దన్నాడు.

"అది పండుగకు దాయి. గా పచ్చది ఇయ్యి."

వదులు బ్లేడుతో, ఉస్తాద్ ముందు నిలబడాలన్నట్టు, ఒక్క గీరు పడకుండా గీసుకున్నాడు. చెవి కింద కూడా. ముఖం కడుక్కుని నా వైపు తిరిగి, అలాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత దగ్గరికొచ్చి, నా గవద పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. ఆ రోజు నేనింకా గడ్డం గీసుకోలేదు.

"తమ్మీ, నీ గడ్డం తెల్లవడ్డది. ఎప్పుడు?"

"ఏమో భాయ్. రోజూ గీసి పారేస్తాంటి గదా."

"నా కండ్ల ముంగట పోరగాని మొఖమే ఉండె" అన్నాడు. కాలితో స్టూలు నా వైపు జరిపాడు. "కూసో."

పచ్చది తీసేసి నీలం పట్టీది ఎక్కించాడు. టిక్కుమంది. ఆయన గీస్తున్నంతసేపూ నేను కళ్ళు మూసుకోలేదు, నన్ను చూస్తున్న ఆ కళ్ళనే చూస్తూ కూర్చున్నాను.