ఆకు బొమ్మ ఉన్న డబ్బా

మసాజ్ అనే మాటను మా హిందూపురంలో నేను నోటితో పలకను. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే నొప్పులకు మర్దన చేస్తానంటాను. ఆడవాళ్లకు మాత్రమే, వాళ్ల ఇళ్లకే వెళ్లి చేస్తానని వెంటనే కలుపుతాను. పెళ్లికి ముందు బెంగళూరులో కోర్సు చదివి, అక్కడే ఒక క్లినిక్‌లో కొన్నేళ్లు పనిచేశానని కూడా చెబుతాను. ఇంత చెప్పినా కొందరు మగవాళ్ల పెదవుల మీద చిన్న నవ్వొకటి కదులుతుంది. దాన్ని చూడనట్టు ఉండడం నేర్చుకున్నాను.

ధర్మవరంలో నేను వారం వారం వెళ్లే ఇల్లు ఒకటుంది. పట్టుచీరల షాపు వాళ్లు. షాపు పెట్టకముందు వాళ్లదీ మగ్గం ఇల్లే. ఆ ఇంటి పెద్దావిడ చిన్నతనం నుంచి రాట్నం తిప్పుతూ కండెలు చుట్టిన మనిషి. ఆ తిప్పుడంతా ఆమె కుడి భుజంలో మిగిలిపోయింది. చెయ్యి తల దాకా లేచేది కాదు. జడ వేసుకోలేక కోడలి ముందు కూర్చోవడం ఆమెకు నొప్పి కంటే ఎక్కువ బాధగా ఉండేది. నేను ఆమెను అవ్వా అని పిలుస్తాను. ఆమె నన్ను పాపా అంటుంది.

ఆ డబ్బా తెప్పించింది కోడలు. ఫోన్‌లో ఎక్కడో చూసి, వీడియోలో ఒక ఆయుర్వేద డాక్టరుతో మాట్లాడి, అత్త పేరు మీద చీటీ రాయించుకుని తెప్పించింది. చిన్న గాజు డబ్బా. లోపల లేత ఆకుపచ్చ లేపనం. మూత మీద ఏడు వేళ్ల ఆకు బొమ్మ, దాని కింద సీబీడీ అన్న అక్షరాలు. బెంగళూరులో ఇలాంటివి చూశాను కాబట్టి నాకు కొత్త కాదు. గంజాయి మొక్క ఆకు నుంచే తీస్తారు కానీ మత్తు ఉండదని అక్కడి డాక్టరమ్మ చెప్పేది. ఆయుర్వేదంలో విజయ అంటారట.

"పనిచేస్తుందా అక్కా?" అని కోడలు అడిగింది.

"కొందరు పనిచేసిందన్నారు, కొందరు ఏమీ లేదన్నారు. నేను మాత్రం మాటివ్వలేను" అన్నాను.

డాక్టరు అవ్వ వేసుకునే మాత్రలన్నీ అడిగి తెలుసుకున్నాడని కోడలు చెప్పాకే నేను మూత తీశాను. మొదట మోచేతి మడతలో కొంచెం రాసి, దద్దుర్లు వస్తాయేమో చూసుకోమని ఒకరోజు వదిలేశాను. ఆ తరువాతే భుజానికి వాడాను. ఉత్త లేపనం చర్మంలోకి త్వరగా ఇంకిపోతుంది, చెయ్యి జారదు. అందుకని గోరువెచ్చటి నువ్వుల నూనెతో ముందు భుజమంతా మెత్తబరిచి, చివర్లో గట్టిపడిన చోట మాత్రమే దాన్ని రాసేదాన్ని. మూడో వారానికి అవ్వ ఆ పక్కకు తిరిగి పడుకోగలుగుతున్నానంది.

చిక్కల్లా ఆ ఇంటి యజమానితో, అంటే అవ్వ కొడుకుతో. టీవీలో గంజాయి వార్త వస్తే ఆయన గట్టిగా తిట్టేవాడు. ఈ ఆకు బొమ్మ చూశాడంటే షాపు పరువు పోయిందని ఇల్లు పీకి పందిరేస్తాడని కోడలి భయం. "మీ బ్యాగులోనే పెట్టుకోండక్కా, వచ్చినప్పుడల్లా తెండి" అంది. నూనె సీసాలూ తువ్వాళ్లూ నేను మోసుకు తిరిగేవే కదా, ఇదీ ఒకటి అనుకున్నాను.

ఆ రోజు ఎండ బాగా ఉంది. హిందూపురంలో ఎక్కిన ధర్మవరం బస్సును పెనుకొండ దాటకముందే ఎక్సైజు వాళ్లు ఆపారు. మా వైపు ఇది మామూలే. సరిహద్దు దగ్గర కదా, కర్ణాటక మందు ప్యాకెట్లు బస్సుల్లో తెస్తారు. ఆడవాళ్ల సంచులు చూడడానికి ఒక మహిళా కానిస్టేబులు ఎక్కింది. నా బ్యాగులో నూనె సీసా తీసి వాసన చూసింది, పక్కన పెట్టింది. తువ్వాలు మడత విప్పింది. డబ్బా ఆమె చేతిలోకి వచ్చింది.

ఆమె మూత వైపు చూసి, నా వైపు చూసి, కిటికీలోంచి పిలిచింది. "సార్, ఒకసారి ఈడికి రండి."

నా పక్క సీటావిడ తన సంచిని ఒళ్లోకి లాక్కుంది.

నన్ను దింపారు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఎస్సై డబ్బాను వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూశాడు.

"ఇదేం ఆకమ్మా?"

"మందు సార్. భుజం నొప్పికి. ఆయుర్వేదం."

"నేను ఏం ఆకని అడిగినా."

చెప్పాను. అబద్ధం చెబితే తరువాతి మాట కూడా అబద్ధమే అయిపోతుందని తెలుసు. ఆయన నా పేరు అడిగాడు. చెప్పాను. ముస్లిం పేరని విని మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. ఏం పనని అడిగితే మర్దన అన్నాను.

"మర్దనంటే? మసాజా?" అని ఆయన పక్కనున్న కానిస్టేబులు వైపు చూశాడు. నాకు తెలిసిన ఆ చిన్న నవ్వు అక్కడ కనిపించింది. బస్సులో ఎవరి దగ్గర ఏ ప్యాకెట్టు దొరికినా ఇంత భయం ఉండేది కాదేమో. ఆకు బొమ్మ, నా పేరు, నా పని, ఈ మూడూ ఆ బల్ల మీద పక్కపక్కన పడినట్టు అనిపించింది. కండక్టరు వచ్చి ఎంతసేపని అడిగాడు. బస్సు పంపించేయమన్నారు. అది దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

"డబ్బా నాది కాదు సార్. ధర్మవరంలో పేషెంటుది. వాళ్ల దగ్గర చీటీ ఉంది. ఫోన్ చేస్తాను."

"చెయ్. స్పీకర్ పెట్టు."

కోడలికి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఈసారి ఎత్తింది.

"అమ్మా, నేను. పెనుకొండ దగ్గర ఆపినారు. ఆ మందు డబ్బా చూసినారు. చీటీ మీ ఫోన్‌లో ఉంది కదా..."

అటు పక్క షాపులో మాటలు వినిపిస్తున్నాయి. ఎవరిదో మగ గొంతు, "ఎవురు?" అంది.

"రాంగ్ నంబరు" అని కోడలు పెట్టేసింది.

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆయన ఏమనుకుంటాడో కాదు, మా వీధి ఏమనుకుంటుందోనని చెయ్యి ఆగిపోయింది. పోలీసులు పట్టుకున్నారన్న మాట ఒకసారి బయటికొచ్చాక, వదిలేశారన్న మాట దాని వెనక పరిగెత్తి ఎప్పటికీ అందుకోలేదు. ఎస్సై ఎవరికో ఫోన్ చేసి, "మేడం, లేడీ కేసు ఒకటి, స్టేషన్‌కు పంపాలేమో" అంటున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, అవ్వకు కూడా ఒక చిన్న ఫోన్ ఉంది. ఆమెకు సరిగా వినపడదు. అయినా చేశాను.

"ఎవురూ?"

"అవ్వా, నేను పాపను."

"ఏమిటికి ఇంకా రాలేదు? నీళ్లు కాంచి పెట్టినా."

"పోలీసులు ఆపినారవ్వా. నీ భుజం మందు డబ్బా నాదే అనుకుంటాండారు."

"ఎవురు అనుకుంటాండారు?"

"పోలీసులు!" అని అరిచాను. రోడ్డు మీద వెళ్తున్న వాళ్లు తిరిగి చూశారు.

ఆమె గొంతు పెద్దదిగా, నెమ్మదిగా వచ్చింది. "ఆ మందు నాదప్పా. నా భుజానిది. ఆ బిడ్డను ఏమీ అనాకండి."

"ఫోన్‌లో ఎవరైనా అంటారవ్వా, మనిషి రావల్ల" అన్నాడు ఎస్సై.

"వస్తాండా" అని ఆమె పెట్టేసింది.

ఆమె రాగలదని నేను నమ్మలేదు. రోడ్డు పక్కన ఆ షెడ్డులో, మహిళా కానిస్టేబులు పక్కన కూర్చుని ఎదురు చూశాను. ఆమె మంచినీళ్ల సీసా ఇచ్చింది. రెండు గుక్కలు తాగి తిరిగి ఇచ్చేశాను.

తెల్ల కారు వచ్చి ఆగింది. ముందు దిగింది కొడుకు. నా వైపు చూడలేదు. నేరుగా ఎస్సై దగ్గరికి వెళ్లి నమస్కారం పెట్టాడు. "సార్, ఈమె మా అమ్మకు చేతులు పిసకను వస్తాది, అంతే. ఏం తెస్తాదో, ఏం రాస్తాదో మాకు తెలీదు. మా ఇంటికీ దానికీ సంబంధం లేదు."

ఆయనకు నిజంగానే తెలియదు. ఆయన చెప్పేది ఆయన వరకు నిజమే, కానీ ఆ నిజంతోనే నేను స్టేషన్‌కు వెళ్లబోతున్నాను.

కారు వెనక తలుపు తెరుచుకుంది. అవ్వ ఎడమ చేత్తో తలుపు పట్టుకుని దిగాలని చూస్తోంది. దిగలేక "రేయ్, చెయ్యియ్యి" అని కొడుకును పిలిచింది. ఆయన కదలలేదు. నేను లేచాను, కానిస్టేబులు కూర్చోమన్నట్టు చెయ్యి చూపింది. చివరికి ఎస్సైయే కారు దగ్గరికి నడిచాడు.

"దిగొద్దులేవ్వా. డబ్బా నీదేనా?"

"నాదే. ఇదిగో ఈ చెయ్యి చూడు." ఆమె కుడి చెయ్యి లేపబోయింది. అది చెవి దాకా వెళ్లి ఆగింది. "ఇంతకుముందు ఇంత గూడా లేచేది కాదు. ఆయమ్మ చేసింది ఇది."

"డాక్టరు చీటీ ఉండాదా?"

అవ్వ పక్కకు తిరిగి చూసింది. అప్పుడు చూశాను, కారులో అటువైపు కోడలు కూర్చుని ఉంది. తల వంచుకుని, ఫోన్ రెండు చేతుల్లో పట్టుకుని. రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. ఆమె దిగింది.

"చీటీ నా దగ్గరుండాది సార్. మందు తెప్పించింది నేనే. ఈయనకు తెలీదు. అక్కను పెట్టుకోమని ఇచ్చింది కూడా నేనే." చివరి మాట అంటూ ఆమె నా వైపు చూసింది. మొగుడి వైపు చూడలేదు.

ఆయన "ఏమే?" అన్నాడు, అంతే. ఆ ఒక్క మాటకు ఆమె భుజాలు బిగుసుకోవడం ఇంత దూరం నుంచి నాకు కనిపించింది. బిగిసిన భుజాలు చూసి పనిచేసేదాన్ని, ఎలా కనిపించదు?

ఎస్సై చీటీ చదివి, డబ్బా మీద అక్షరాలూ చదివి, రెండూ ఫోటో తీసి పైవాళ్లకు పంపాడు. జవాబు వచ్చే దాకా అందరం అలాగే ఎండలో నిలబడ్డాం. చీటీ ఉంటే పర్లేదని జవాబు వచ్చాక డబ్బాను తీసుకెళ్లి అవ్వ ఒళ్లో పెట్టాడు. "ఎవురి మందు వాళ్లే పెట్టుకోవల్ల. ఇంగోసారి ఈయమ్మ సంచిలో కనపడితే నేను వదలను."

నా వైపు తిరిగి "పోమ్మా" అన్నాడు. క్షమించమని ఎవరూ అనలేదు. బహుశా అనాల్సిన పని వాళ్లకు కనిపించలేదు.

"కారెక్కు పాపా" అంది అవ్వ. ఆమె కొడుకు స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. నేను ఎక్కలేదు. హిందూపురం వైపు వెళ్లే బస్సు ఎక్కాను. ఇల్లు చేరే దాకా బ్యాగును ఒళ్లోంచి దించలేదు. అందులో నూనె, తువ్వాళ్లు తప్ప ఇంకేమీ లేకపోయినా.

తరువాత చాలా రోజులు ధర్మవరం వెళ్లలేదు. కోడలు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అవ్వ చేసినప్పుడు మాత్రం ఎత్తాను. ఆమె అడిగింది ఒక్కటే. "నువ్వు రాకుంటే రాకపోతివి, ఎట్ల పడుకోవల్లనో చెప్పు, మళ్లా బిగుసుకుంటాండాది." ఫోన్‌లో చెప్పగలిగింది చెప్పాను. గోడకు చెయ్యి ఆనించి వేళ్లతో పైకి పాకించమన్నాను. ఆమెకు సగం వినపడలేదు. మరుసటి వారం బస్సెక్కాను.

ఈసారి షరతు పెట్టాను. మందు వాళ్ల ఇంట్లోనే, అందరికీ కనిపించే చోట ఉండాలి. ఇంటాయన ఒప్పుకున్నానని నోటితో అనలేదు కానీ, డబ్బా అవ్వ మంచం పక్క అలమారలో ఉంది. నేను పని చేస్తుంటే ఆయన గుమ్మం దాకా వచ్చి, కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు. ఆ డబ్బా అయిపోయాక వాళ్లు మళ్లీ తెప్పించలేదు. అవ్వ చెయ్యి ఇప్పుడు జడ మొదలు దాకా వెళుతోంది, కొసదాకా అల్లలేదు. ఆ లేపనం ఎంత చేసిందో, నా చేతులు ఎంత చేశాయో, గోడ మీద ఆమె వేళ్ల పాకుడు ఎంత చేసిందో నేను చెప్పలేను. ఎవరైనా అడిగితే అదే చెబుతాను.

ఒకరోజు కోడలు నాకు చాయ్ ఇస్తూ, వంటింటి గడప దగ్గరే నిలబడింది.

"ఆ పొద్దు ఫోన్‌లో అట్ల అంటి కదక్కా. ఆయన పక్కనే ఉండాడు. నోట్లోంచి వచ్చేసింది."

"తెలుసు" అన్నాను.

"కోపం పోలేదా?"

పోయిందని చెప్పడం సులువే. ఆమె ఆ రోడ్డు మీద మొగుడి ముందు కారు దిగడం నేను చూశాను. ఆమె దిగకముందు ఆ షెడ్డులో నేనొక్కదాన్నే కూర్చోవడమూ నాకు గుర్తుంది. "కొంచెం ఉంది" అన్నాను. ఆమె తలూపి, చాయ్ చల్లారిపోతుంది తాగమంది.