అధికారికి పోసిన అంబలి

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘం యువకులు ఎండకు చలువ చేస్తుందని కాగితపు కప్పుల్లో జొన్న అంబలి పంచారు. ఆ పులిసిన వాసన తగలగానే శాంతమ్మ టీచరమ్మ గుర్తొచ్చింది. జహీరాబాద్‌కు ఆవల, న్యాల్‌కల్ వైపు మా ఊళ్లో సంఘం బడి నడిపేది ఆమె. నేను ఆ బడిలో చదవలేదు, ఆ ఊరికి కోడలిగా వచ్చాను. అయినా నాకు గురువు ఆమే.

డెబ్బైల మొదట్లో వరుసగా వానలు పోయాయి. సర్కారు కరువు పనులు పెడుతోందని, మట్టి మోసినవాళ్లకు జొన్నలిస్తోందని విన్నాం. ఏ ఊరికి పని అవసరమో చూడటానికి ఒక అధికారి వచ్చాడు. మావాళ్లు వాకిళ్లు ఊడ్చి, ఇంటింటా ఇంత బియ్యం పోగుచేసి, కోడిని కోసి పెట్టారు. ఆయన తృప్తిగా తిని, "మీ ఊరు నయమే" అంటూ జీపెక్కాడు. పని పక్క ఊరికి పోయింది.

నెల తర్వాత ఆయన మళ్లీ వస్తున్నాడని కబురందింది. అప్పటికి నా భర్త కూలి వెతుక్కుంటూ బొంబాయి లారీ ఎక్కడానికి మూట కట్టాడు. నాకు ఐదో నెల. సంఘ పెద్ద యేసయ్య మళ్లీ కోడి కోసం తిరుగుతుంటే టీచరమ్మ అడ్డుపడింది.

"పోయినసారి మన కోడిని తిన్నడు, మన కరువును మర్చిపోయిండు. ఈసారి మనం తాగే అంబలే పోద్దాం."

"ఇజ్జత్ పోతది టీచరమ్మా! గంత పెద్ద సార్‌కు అంబలి పోస్తమా?"

"బైబిల్ వాక్యంల, కరువుల రొట్టె అడిగిన ప్రవక్తకు విధవరాలు కోడి కోసిందా యేసయ్యా? పిడికెడు పిండే ఉన్నదని ఉన్నదున్నట్టు చెప్పింది. అబద్ధమాడొద్దని నేను పిల్లలకు చెప్పాలె, మీరు కోడితోని అబద్ధమాడిపించాలెనా?"

అందరూ నవ్వారు. యేసయ్య తల గోక్కున్నాడు.

పిడికెడు పిండిలో కుండెడు నీళ్లు పోసి అంబలి కాచింది నేనే. అధికారి బడి బెంచీ మీద కూర్చుని ఒక గుక్క తాగి ఆగాడు.

"రోజూ ఇదేనా?"

టీచరమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది. "నువ్వు చెప్పు బిడ్డా."

"కాదు సార్," అన్నాను. "రేపటికి ఇది గూడ లేదు."

ఆయన గిన్నె దించలేదు. అడుగుదాకా తాగాడు. ఆ వారంలోనే ఊరి నుంచి బొంబాయి రోడ్డు దాకా బాట పని మొదలైంది. మొదటి గంప యేసయ్యే ఎత్తుకున్నాడు.

"నీ అంబలికి సర్కారు లొంగింది టీచరమ్మా!"

"లొంగలె. మనల్ని చూసింది, గంతే."

ఇంట్లో మూట విప్పాం. నా కొడుకు ఆ ఊళ్లోనే పుట్టాడు. మొర వినే దేవుడు అధికారి చెవి కూడా తెరవగలడు, కానీ ఆ మొర మన నోటితోనే పెట్టాలని నేను ఆమె దగ్గరే తెలుసుకున్నాను.

ఇప్పుడు మా సంఘం ఆడవాళ్లు పింఛను అడగడానికి ఆఫీసుకు వెళ్లేటప్పుడు పక్కింటి గొలుసు అడిగి వేసుకుంటారు. "తీసెయ్ అక్కా, ఉన్నట్టే పోదాం," అంటాను. వాళ్లకు ముందు నేను నడుస్తాను.