తొట్టికి పెట్టిన బొట్టు

డిగ్రీ చేతికొచ్చిన కొత్తల్లో మనిషికి ఉండేంత తెలివి మళ్ళీ జన్మలో రాదు. నాకైతే అది సరిగ్గా ఒక ఎండాకాలం వరకే ఉండింది. అల్లూరులో రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో నా మొదటి ఉద్యోగం. పొద్దున్నే రైతులు కూల్‌డ్రింకు సీసాల్లో గుంట నీళ్ళు నింపుకోని మోటార్‌సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. నేను తెల్లకోటు తొడుక్కోని, సీసా వెలుతురుకు ఎత్తి పట్టి, ఒక కన్ను మూసి చూసి "ఊఁ..." అనేవాడిని. (ఆ 'ఊఁ'కు అర్థమేందో నాకూ తెలీదు.) మా నాయన వయసు రైతు గుండె చేత్తో పట్టుకోని "చెప్పండి సార్" అనేవాడు. ఇరవై రెండేళ్ళవాడు చెడిపోవడానికి ఇంతకంటే ఏం కావాల?

ల్యాబు యజమానిని ఊరంతా అన్న అనే పిలిచేది, నేనూ అంతే. బుగ్గల మీదికి పాకిన మీసాలు, గదమాయింపు గొంతు, లోపల మాత్రం వెన్న. ల్యాబు ముందు గదిలో ఆయనకు రెండడుగుల గాజు తొట్టి ఒకటి ఉండేది. దాన్నిండా ఉప్పునీళ్ళు, నాలుగు రాళ్ళు, రాళ్ళ మీద మెత్తని పగడాలు. పగడమంటే ఉంగరంలో పొదిగేది అనుకునేరు. ఇవి ప్రాణమున్నవి, ముట్టుకుంటే తడి రబ్బరు మాదిరి ఉంటాయి. అందులో పెద్దది అచ్చం పుట్టగొడుగే. మనసు బాగుంటే తలనిండా సన్నటి వేళ్ళు చాపి నీళ్ళలో ఊగతా ఉంటాది, బాగలేకపోతే వేళ్ళన్నీ లోపలికి లాక్కోని బోడిగుండై కూర్చుంటాది. అన్న దానికి గొడుగు అని పేరు పెట్టినాడు. పొద్దున వచ్చీరాగానే కుర్చీ లాక్కోని దాని ముందర కూర్చునేవాడు. "నన్నెప్పుడన్నా ఇట్లా చూసినావా?" అని వదిన దెప్పినా ఆయన చెవికెక్కేది కాదు.

ఆ ఎండాకాలం అన్నకు చెన్నైలో గుండె ఆపరేషన్ అన్నారు. బయల్దేరే రోజు వదిన కారులో కూర్చోని హారన్ కొడతా ఉంది, ఈయన తొట్టి దగ్గర్నించి కదలడు. "లైటు పొద్దున వెయ్యి, సాయంత్రం తీసెయ్యి. నీళ్ళు కాగకుండా పైన చిన్న ఫ్యాను తిరగతా ఉండాల. నీళ్ళు తగ్గితే క్యాన్లో నీళ్ళు పొయ్యి. అంతకుమించి చెయ్యి పెట్టబాక" అన్నాడు. బల్ల కింద క్యాన్లు రెండున్నాయి, ఒకదాంట్లో సముద్రపు నీళ్ళు, రెండోదాంట్లో మంచినీళ్ళు. ఏ క్యాన్ అని అడగడానికి నాకు నామోషీ. డిగ్రీ చదివినోడు అడుగుతాడా?

సముద్రంలో పుట్టినదానికి సముద్రపు నీళ్ళు కాకపోతే గంగాజలం పోస్తామా? గుంటలో నీళ్ళు తగ్గితే కాలవలోంచి ఉప్పునీళ్ళేగా తోడి పెడతాం? ఇదీ నా లెక్క. మంచినీళ్ళ క్యాన్ అన్న తాగడానికి పెట్టుకున్నాడనుకోని నేనే తాగేసినాను. (ఎండలట్టాంటివి.) ఫ్యాను గాలికి తొట్టిలో నీళ్ళు రోజూ వేలు మందాన తగ్గేవి, నేను రోజూ భక్తిగా సముద్రపు నీళ్ళు పోసేవాడిని. రోజుకు ఇరవై మంది రైతుల నీళ్ళలో ఉప్పెంతో చూసి చెప్పేవాడిని, ఈ తొట్టిలో మాత్రం ఒక్క చుక్క తీసి చూసినవాడిని కాదు. సముద్రపు నీళ్ళకు పరీక్షేంది, అవి సముద్రమంతే ఉంటాయిగదా అని ధీమా.

పదో రోజు పొద్దున చూస్తే గొడుగు ముడుచుకోనుంది. మరుసటి రోజుకు కాడ వంకరపోయి, పైన మైనం మాదిరి పొర కట్టింది. రిపోర్టుల కోసం వచ్చిన రైతులు తొట్టి చుట్టూ మూగినారు. ఒకాయన సున్నం కొట్టమన్నాడు. ఒకాయన గాలి పంపు పెంచమన్నాడు. కొడవలూరు నుంచి వచ్చిన పెద్దమనిషి "మా గుంటకు బెల్లంలో మందు పులియబెట్టి పోస్తాం సార్, రొయ్య లేచి ఎగరతాది" అన్నాడు. అప్పటిదాకా వాళ్ళకు మందులు చెప్పిన నేను ఆ రోజు వాళ్ళ మాట విని, పులియబెట్టిన బెల్లం ఒక గరిటె తొట్టిలో పోసినాను. గొడుగు లేవలా. తెల్లారేసరికి నీళ్ళు మాత్రం బియ్యం కడుగు మాదిరి తెల్లబడినాయి.

సరిగ్గా అప్పుడే చెన్నై నుంచి ఫోను. ఆపరేషన్ అయి నాలుగు రోజులు, గొంతు పీలగా ఉంది. "గొడుగు విప్పిందా?" అన్నాడు అన్న. "బ్రహ్మాండంగా విప్పింది అన్నా" అన్నాను. "అయితే ఫోటో పెట్టు." నా ఫోన్లో వెతికితే అంతకుముందు నెల ఆయనే పంపిన ఫోటో దొరికింది, దాన్నే తిప్పి పంపినాను. ఇంకో గంటకు వదిన ఫోన్ చేసింది. "నాయనా, నిన్నటిదాకా మెతుకు ముట్టని మనిషి ఆ ఫోటో చూసుకుంటా రెండిడ్లీలు తిన్నాడయ్యా. రోజూ పంపు, నీకు పుణ్యముంటాది. ఆయనకు దిగులు తగలనీయొద్దని డాక్టర్లు మరీమరీ చెప్పినారు" అంది. ఫోన్ పెట్టేసి బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకున్నాను. (దేనికని అడగొద్దు.) గొడుగు చచ్చిపోతే ఆ మాట ఆయనకు ఎవరు చెప్పాల? నేనే చెప్పాల.

ల్యాబు ఊడవడానికి ఇస్కపల్లి నుంచి ఒకామె వచ్చేది. పేరు ఎవరికీ పట్టలేదు, అందరికీ ఇస్కపల్లక్కే. అంతకుముందు ఇరవై ఏళ్ళు సముద్రపు నీళ్ళు ఎండబెట్టి ఉప్పు పండించే కయ్యల్లో పనిచేసిన మనిషి, అరికాళ్ళు పగిలి నెర్రెలిచ్చి ఉండేవి. నేను బాత్రూంలోంచి బయటికొచ్చేసరికి చీపురు చంకలో పెట్టుకోని తొట్టి అంచును గోటితో గీరతా ఉంది. అంచంతా తెల్లగా ఏదో పేరుకోనుంది. ఆ వేలు నాలిక మీద పెట్టుకోని నా వంక చూసింది.

"ఏంది సామీ, ఈడ ఉప్పు పండిస్తా ఉండావు?"

"అక్కా, నీకు తెలీదులే, అది సైన్సు" అన్నాను. (ఈ మాట తలుచుకుంటే ఈరోజుకీ చెవులు కాలతాయి.)

ఆమె పట్టించుకోలా. "రోజూ ఏ నీళ్ళు పోస్తా ఉండావు?"

"సముద్రపు నీళ్ళే."

"అయ్యో రాత! కయ్యలో మేం చేసేది అదేగదా సామీ. ఉప్పునీళ్ళు పెడతాం, ఎండ నీళ్ళు తాగి పోతాది, మళ్ళా పెడతాం, మళ్ళా తాగతాది. నీళ్ళు ఆవిరైపోతే ఉప్పు యాడికి పోతాది? దానికేమన్నా రెక్కలుండాయా? ఆడ ఎండ చేసే పని ఈడ నీ ఫ్యాను చేస్తా ఉండాది. పోయింది మంచినీళ్ళు గనక పొయ్యాల్సింది మంచినీళ్ళే."

అప్పుడు తీసి పరీక్ష చేసినాను. లీటరుకు ముప్పై ఐదు గ్రాములు ఉండాల్సిన ఉప్పు నలభై ఆరు చూపించింది. నా డిగ్రీ పట్టా తెచ్చి ఆమె చీపురుకు కట్టేద్దామనిపించింది.

నేను గబగబా మంచినీళ్ళ బకెట్టు ఎత్తితే ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒక్కసారిగా కుమ్మరిస్తే తట్టుకుంటాదా? రొయ్యపిల్లను గుంటలో వదిలేటప్పుడు మీరు ఎట్ల చేస్తారు?" నిజమే, కొత్త నీళ్ళకు కొంచెం కొంచెంగా అలవాటు చేస్తాం. అదీ నేను రోజూ రైతులకు చెప్పేదే. పొద్దునొక చెంబు, మధ్యాన్నమొక చెంబు, సాయంత్రమొక చెంబు, తొట్టి నీళ్ళు తీసి మంచినీళ్ళు పోస్తా వచ్చినాం. బెల్లంతో తెల్లబడిన నీళ్ళు మెల్లగా తేటపడినాయి. ఉప్పు సరైన చోటికొచ్చిన రోజు ఆమె తన నుదుటి మీద స్టిక్కర్ బొట్టు తీసి, సరిగ్గా నీటిమట్టం దగ్గర అద్దానికి అంటించింది. "దీనికి కిందికి దిగినాయంటే మంచినీళ్ళు. మరిచిపోబాక" అని చెప్పి, బోసి నుదురుతోనే వాకిలి ఊడవడానికి పోయింది.

అన్న తిరిగొచ్చేసరికి గొడుగు మైనప్పొర వదిలేసి, సగం వేళ్ళు చాపింది. ఆయన సగమైపోయినాడు, మీసాలు కూడా వాలిపోయినాయి. కుర్చీలో కూర్చోని చాలాసేపు చూసినాడు. నాకు ఆగలా, అబద్ధం, బెల్లం, తాగేసిన క్యాన్ అన్నీ ఏకరువు పెట్టి ఏడ్చేసినాను. ఆయన ఫోన్ తీసి నేను పంపిన ఫోటో చూపించినాడు. తొట్టి అద్దంలో ఫోటో తీసే మనిషి నీడ పడింది, దానికి ఇంతింత మీసాలున్నాయి. "ఈయనెవుర్రా? నీకు మీసాలు ఎప్పుడొచ్చినాయి?" అన్నాడు.

"తెలిసీ... ఇడ్లీలు ఎట్లా తిన్నావన్నా?"

"బాగుంటే కొత్త ఫోటో పెట్టేవాడివి. పోయుంటే ఏడస్తా ఫోన్ చేసేవాడివి. పాత ఫోటో పెట్టినావంటే, అది ఇంకా పోలేదు, నువ్వింకా వదల్లేదు అనుకున్నా. నా గురించీ డాక్టర్లు అప్పుడు మీ వదినకు అట్లాంటి మాటే చెప్తా ఉండినారు. సరే, అదీ నేనూ ఇద్దరం చూసుకుందాంలే అని తిన్నా." తర్వాత ఇస్కపల్లక్కను పిలిచి, తను లేచి, ఆ కుర్చీలో ఆమెను కూర్చోబెట్టినాడు. ఆమె సిగ్గుతో అంచు మీద కూర్చోని "ఊడిచే పనుండాదన్నా" అంటా ఉంది. నేను ఆమెకు చెప్పాల్సిన మాట చెప్పకుండా టీ తీసుకురావడానికి పోయినాను.

ఇప్పుడు నాకు కోవూరులో సొంత ల్యాబు ఉంది. ఆ గొడుగులోంచి అన్న కోసిచ్చిన ముక్క నా తొట్టిలో చెయ్యంత అయింది. ఆ తొట్టి అద్దానికీ నీటిమట్టం దగ్గర అక్క చేత బొట్టు పెట్టించుకున్నాను. అన్న నెలకొకసారి చూడ్డానికొస్తాడు, మీసాలు మళ్ళీ లేచినాయి. అక్క ఇప్పుడు పనికి పోవడం లేదు. మొన్న పండక్కి చీర పట్టుకోని ఇస్కపల్లి పోయినప్పుడు ఆలస్యంగానైనా ఆ మాట చెప్పినాను, "నువ్వు లేకపోతే ఆ రోజు ఏమైపోయేవాడినో అక్కా" అని. ఆమె లోపలికి పోయి బొట్టు బిళ్ళల అట్ట ఒకటి తెచ్చి నా జేబులో పెట్టింది. "పాతది ఊడిపోయుంటాది" అంది.

నిజంగానే ఊడిపోయింది. ఈ పొద్దున పాతదాని మరక మీదే కొత్తది అంటించి వంగి చూస్తే అద్దంలో నా మొహం కనిపించింది, చెంపల దగ్గర తెల్లబడిన జుట్టు, మీసాలు, సరిగ్గా నుదుటి నడుమ ఎర్రటి బొట్టు. సీసా ఎత్తి "ఊఁ" అనే ఆ తెల్లకోటు కుర్రాడు గుర్తొచ్చి ఒక్కడినే నవ్వుకున్నాను. నీళ్ళు బొట్టుకు ఒక వేలు కిందున్నాయి. మంచినీళ్ళ చెంబు తెచ్చుకున్నాను.