మరుగుదొడ్డి లేని పెట్టెలు

ఏళ్లుగా ఒక మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆదోనిలో పొద్దున ప్యాసింజరెక్కి ఉద్యోగానికి పోయి సాయంత్రం తిరిగొచ్చేవాణ్ణి. మా లైనుకు కొత్త పెట్టెలు వస్తాయని, ఎలాంటివి కావాలో చెప్పమని అధికారులు ప్రయాణికుల తరఫున కొందరిని పిలిచారు. నన్నూ పిలిచారు. ఆ మాత్రానికే నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఖాసీంబీ అని ఒకామె ఎమ్మిగనూరు నుంచి తువ్వాళ్ల మూటతో బస్సులో వచ్చి మా బండెక్కేది. దిగిన ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి అమ్ముకునేది. పిలుపు సంగతి విని నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

“సీటు ల్యాకున్నా మూట మీద కూసుంటామన్నా. పాత పెట్టెల్లో ఉన్నట్టు పాయిఖానా మాత్రం ఉండల్లని సెప్పు. మా ఆడోళ్లు నోరు తెరిసి అడగల్యారు.”

సరేనన్నాను.

సమావేశంలో రెండు బొమ్మలు చూపించారు. ఒకదాంట్లో పెట్టెకో మరుగుదొడ్డి. రెండోదాంట్లో అది తీసేసి, ఆ చోట ఎనిమిది సీట్లు. ఆడవాళ్లను అడిగారా అన్నారు. అడిగాను సార్, వాళ్లకూ సీట్లే కావాలట అన్నాను. సంతకం కూడా పెట్టాను.

ఎందుకలా అన్నాను? అంతమంది ముందు ఆ మాటెత్తడానికి సిగ్గుపడ్డానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. రోజూ నిలబడి నా మోకాళ్లు లాగేవి, నాకు కూర్చోవాలని ఉండింది, ఆ ఎనిమిదింట్లో ఒకటి నాకు దొరుకుతుందన్న ఆశ తప్ప ఆ పూట నా బుర్రలో ఇంకే మనిషీ లేదు. దొరికింది కూడా. కూర్చున్నాను.

కొత్త పెట్టెలొచ్చాక ఖాసీంబీ దారిలో నీళ్లు తాగడం మానేసింది. బస్సెక్కింది మొదలు ఇల్లు చేరేదాకా, మా ఎండల్లో, చుక్క ముట్టేది కాదు. రెండో వేసవికి ఒక కిడ్నీ చెడిపోయింది. నీళ్లు తాగకపోవడం వల్లేనని డాక్టరు చెప్పాడట. బేరం మానుకుంది.

నిజం చెప్పేద్దామనే ఎమ్మిగనూరు పోయాను. మంచం మీద లేచి కూర్చుని, కోడలి చేత నాకు చాయ్ పెట్టించింది.

“నువ్వైతే అడిగినావు కదన్నా. వాళ్లియ్యకపోతే నువ్వేం సేస్తావు” అంది.

తలూపాను. చాయ్ తాగాను. వచ్చేస్తుంటే, అత్త రోజూ దువాలో మీ పేరు కూడా తలుస్తుందని కోడలు చెప్పింది.

నేను అడగలేదు. వద్దన్నది నేనే. ఆమెకు చెప్పాల్సిన మాట మీకు చెబుతున్నాను. మీరు క్షమిస్తే మాత్రం ఏమొస్తుంది? అయినా ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.